ప్రాచీన విద్యాశాలల ఆయవ్యయములు: ఎన్నాయిరము, మల్కాపురము శాసనముల సాక్ష్యము

ప్రాచీనకాలమున విద్య ఉచితముగ లభించెనని, శిష్యుడు శుల్కము చెల్లింపక చదివెనని మనము సభలలో తఱచు చెప్పుకొందుము. అది సత్యమే. కాని గురువునకు కుటుంబము కలదు. శిష్యునకు ఆకలి కలదు. ఈ రెండింటి భారమును ఎవరు వహించిరి, ఎంత వహించిరి, ఏ ఆదాయము నుండి వహించిరి అను విచారణ మన వ్యాసములందు అరుదు. శాసనములను వంశావళుల కొఱకు, బిరుదముల కొఱకు, ఛందోవిశేషముల కొఱకు చదివినంతగా లెక్కల కొఱకు మనము చదువలేదు. రెండు శాసనములను ఆదాయవ్యయ పట్టికలుగ చదువుట ఈ వ్యాసోద్దేశము.

పరిభాష మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము ఆయము, వ్యయము, నీవి అను మూడింటిని వేఱుపఱచి చెప్పినది. వ్యయము పోగా మిగిలినది నీవి. శాసనములందు ఈ శబ్దమే మూలధనమను అర్థమున ప్రయుక్తమై, తఱుగని మూలధనము అక్షయనీవి అయినది. నాసిక్ గుహాశాసనమున నహపానుని అల్లుడు ఉషవదాతుడు మూడువేల కార్షాపణములను నేతగాండ్ర శ్రేణులయొద్ద ఉంచి, రెండువేలకు నెలకు నూటికి ఒకటి చొప్పున, వేయికి ముప్పాతిక చొప్పున వచ్చు వడ్డిని భిక్షువుల వస్త్రాదులకు వినియోగింప నేర్పాటు చేసెను. మూలము ముట్టరాదు; వడ్డి ఒక నిర్దిష్ట వ్యయమునకే చెందవలెను. విద్యాశాలల ధర్మములందును ఈ సూత్రమే కనబడును.

ఎన్నాయిరము

తమిళనాట నేటి విళుప్పురం జిల్లాలోని ఎన్నాయిరమున మొదటి రాజేంద్రచోళుని కాలపు శాసన మొకటి కలదు. ఇది పదునొకండవ శతాబ్ది పూర్వార్ధమునకు చెందినది. రాజాజ్ఞ ననుసరించి గ్రామసభ ఒక విద్యాశాలను పోషించుటకు అంగీకరించినట్లు ఇందు కలదు. విద్యార్థులు 340 మంది. అధ్యాపకులు 14 మంది.

విద్యార్థులలో 270 మంది ప్రథమశ్రేణివారు. వీరిలో ఋగ్వేదమునకు 75, యజుర్వేదమునకు 75, వాజసనేయమునకు 20, ఛాందోగ్యసామమునకు 20, తలవకారసామమునకు 20, అథర్వమునకు 10, బౌధాయనీయ గృహ్యకల్పాదులకు 10, రూపావతారముతో వ్యాకరణము మొదలుపెట్టువారు 40. తక్కిన 70 మంది ఉన్నతశ్రేణివారు: వ్యాకరణమునకు 25, ప్రాభాకర మీమాంసకు 35, వేదాంతమునకు 10. మీమాంసలో ప్రాభాకర ప్రస్థానమునకే అన్నిటికంటె నెక్కువ స్థానము లభించుట గమనింపదగినది. నేడు ప్రాభాకరమును గ్రంథము పట్టి పాఠము చెప్పువారు ఎంత విరళమో పాఠకు లెఱుగుదురు.

ఇక వ్యయము. ప్రథమశ్రేణి విద్యార్థికి దినమునకు ఆఱు నాళ్ల ధాన్యము. ఉన్నతశ్రేణి విద్యార్థికి ఒక కుఱుణి రెండు నాళ్లు, అనగా పది నాళ్లు. ఎనిమిది నాళ్లు ఒక కుఱుణి, పండ్రెండు కుఱుణులు ఒక కలము. లెక్కింపగా విద్యార్థుల ధాన్యము దినమునకు 2320 నాళ్లగును. సంవత్సరమును 360 దినములుగ గణించినచో ఇది 8700 కలములు. శాసనము ఏటికి నిర్ణయించిన మొత్తము 10,506 కలములు. అనగా ఐదింట నాలుగు పాళ్లకు మించిన ధాన్యము విద్యార్థుల భోజనమునకే పోయినది. తక్కినది అధ్యాపకులది. ఈ సమస్తమునకును 45 వేలుల భూమి కేటాయింపబడెను. వేలి యన ఇంచుమించు ఆఱున్నర ఎకరములకు పైబడిన కొలత.

ధాన్యముగాక సువర్ణ మున్నది. మొత్తము అఱువది యొకటిన్నర కళంజులు. ఈ అర ఎట్లు వచ్చినదో కూడి చూచినప్పుడు శాసనకర్తల లెక్క ఎంత సూక్ష్మమో తెలియును. ఉన్నతశ్రేణి విద్యార్థులు 70 మందికి తలకు అర కళంజు: 35. వేదాంతాచార్యుడుగాక తక్కిన 13 మంది అధ్యాపకులకు తలకు అర కళంజు: ఆఱున్నర. వ్యాకరణము చెప్పువానికి అధ్యాయమునకు ఒక కళంజు చొప్పున ఎనిమిది అధ్యాయములకు 8. మీమాంస చెప్పువానికి అదే లెక్కను పండ్రెండు అధ్యాయములకు 12. కూడిక సరిగ అఱువది యొకటిన్నర.

ఇందు పాణినీయమున ఎనిమిది, జైమినీయమున పండ్రెండు అధ్యాయము లుండుటయే వ్యయపట్టికలో అంకెలైనవి. శాస్త్రముయొక్క ప్రమాణమే జీతముయొక్క ప్రమాణమైనది. నిత్యభుక్తి అధ్యాపకుని ఉనికికి. అధ్యాయదక్షిణ పాఠము నడచినందులకు. వేదాంతాచార్యునకు సువర్ణము లేకుండుటకు వైరాగ్యమే కారణమని పలువు రూహించిరి. ఊహ రమ్యమే.

మల్కాపురము

తెలుగునాట ఇట్టి సాక్ష్యము మల్కాపుర శాసనము. శకవర్షము 1183, అనగా క్రీ.శ. 1261 నాటిది. గణపతిదేవుడు తన గురువైన విశ్వేశ్వర శంభువునకు మందరగ్రామమును ఈయ సంకల్పింపగా, రుద్రమదేవి దానిని వెలగపూడితో కూడ ధారపోసెను. ఆచార్యుడు అచట దేవాలయము, మఠము, విద్యాశాల, సత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నెలకొల్పెను. ఋగ్యజుస్సామములకు ముగ్గురు, పద వాక్య ప్రమాణ సాహిత్య ఆగమములకు ఐదుగురు అధ్యాపకులు. వీరితోపాటు ఒక వైద్యుడు, ఒక కాయస్థుడు నియుక్తులైరి.

లెక్కలు వ్రాయు కాయస్థుడు అధ్యాపకుల సరసన పేర్కొనబడుట యాదృచ్ఛికము కాదు. వృత్తులు పోగా మిగిలిన ఆదాయము మూడు పాళ్లు చేయబడెను: దేవునకొకటి, విద్యార్థులకును మఠమునకును ఒకటి, ప్రసూతి ఆరోగ్యశాలలకును సత్రమునకును ఒకటి. దేవుని ఉత్సవము పెరిగినంత మాత్రమున విద్యార్థి అన్నము తఱుగరాదు. ఈ విభాగమే శాసనమునకు ప్రాణము. నాటి మందరమే నేటి మందడము. వెలగపూడిలో 2016 నుండి ఆంధ్రప్రదేశ్ సచివాలయము నడచుచున్నది. ఒకనాడు విద్యాశాలను పోషించిన నేల నేడు రాష్ట్రపు ఆయవ్యయములు నిర్ణయించు నేల యైనది.

గుణదోషములు

ఈ వ్యవస్థను కేవలము స్తుతించుట న్యాయము కాదు. ధాన్యరూపమున వ్యయము నిర్ణయించుటచే ధరలు పెరిగినను అన్నము తఱుగలేదు; కాని వానలు తప్పినచో ఆధార మదియే గనుక కష్టమే. అంతకంటె పెద్ద లోప మొకటి కలదు. భూమి దున్నినవాడు పంట నిచ్చెను. ఆ వేదపాఠశాలలో వాని బిడ్డకు స్థానము లేదు. మల్కాపురపు సత్రమున జాతిభేదము లేక అందఱికిని అన్నము విధింపబడెను గాని ఎన్నాయిరపు పాఠమున కట్టి విశాలత లేదు.

ఈ లోపమును తీర్చిన ఆధునిక వ్యవస్థకు అమెరికాలోని కమ్యూనిటీ కళాశాలలు ఉదాహరణము. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రమున జోలియెట్ నగరమున వెలసిన కళాశాల వీనిలో తొలిది. స్థానికుల భూగృహములపై పన్ను, రాష్ట్రప్రభుత్వ నిధి, విద్యార్థుల రుసుము అను మూడు వీని ముఖ్యాదాయములు. ఆ ప్రాంతమున పన్ను కట్టువాని బిడ్డ ఆ కళాశాలలోనే చదువును. కాలిఫోర్నియాలో 1978లో ప్రజాభిప్రాయము ద్వారా ఆస్తిపన్నునకు హద్దు ఏర్పడగా, అచటి కళాశాలలు రాష్ట్రప్రభుత్వముపై అధికముగ ఆధారపడవలసి వచ్చెను. నిధి ఎచటనుండి వచ్చునో నిర్ణయాధికారము అచటికే పోవునని దీనివలన తెలియును.

మన స్థితి

నేను బాల్యమున చదివిన పాఠశాలకు ఒక దాత మాగాణి నిచ్చెను. దానపత్రమున ‘పాఠశాలాభివృద్ధికి’ అని మాత్రమే కలదు. కౌలు రూపాయలలో స్థిరపఱచిరి. నా చిన్ననాట ఆ కౌలుతో ముప్పదిమందికి రెండుపూటల అన్నము జరిగెడిది. నేను అధ్యాపకుడనై మరల అచటికి చేరునాటికి అదే కౌలు ఒక నెల బియ్యమునకైనను చాలలేదు. వచ్చినదానిని గోడల మరమ్మతునకు వాడిరి. అదియు ‘అభివృద్ధి’యే గనుక ఆక్షేపించుటకు వీలులేకపోయెను. భోజనశాల మూతపడెను. మఱుసటి యేట పల్లెల పిల్లలు రాలేదు. విద్యార్థులు లేనందున అధ్యాపక పదవులును ఒక్కొక్కటిగ పోయెను. శ్రద్ధ లేక చదువు క్షీణించెనని తరువాతివారు వ్రాసిరి. క్షీణించినది మొదట అన్నము.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎయిడెడ్ విద్యాసంస్థలను ఆస్తులతో సహా అప్పగించుటయా, సిబ్బందిని మాత్రము అప్పగించి స్వయముగ నడుపుకొనుటయా తేల్చుకొనుమని కోరినప్పుడు, ఏ ఆస్తి ఏ ప్రయోజనమునకు ఈయబడెనను ప్రశ్న ప్రతి సంస్థకును ఎదురైనది. దానపత్రము స్పష్టముగ నున్నవారికి సమాధానము చేతిలో నున్నది. లేనివారు తడుముకొనవలసి వచ్చినది.

కావున ప్రాచ్యకళాశాలల యాజమాన్యములకు, సహాధ్యాపకులకు నా విన్నపము. మీ సంస్థల దానపత్రములను వెలికి తీసి చదువుడు. క్రొత్త దానము స్వీకరించునప్పుడు మొత్తమును మాత్రమేగాక పద్దులనుగూడ వ్రాయింపుడు: విద్యార్థి భోజనమునకు ఇంత, అధ్యాపకునకు ఇంత, గ్రంథములకు ఇంత అని. స్థిరమైన రూపాయలకు బదులు బియ్యపు ధరనో, ఆదాయములో భాగమునో ప్రమాణముగ గ్రహింపుడు. లెక్క వ్రాయువానిని నియమించి, ఆ లెక్కను ఏటేట సభలో చదివింపుడు. ఇవి నా కల్పనలు కావు. ఎన్నాయిరపు సభవారును, మల్కాపురపు ఆచార్యుడును రాతిపై చెక్కించిన పద్ధతులే. శాసనములను బోధించు మనమే వానిని మఱచినచో ఇతరులను తప్పుపట్టుటకు మనకు అధికారము లేదు.