చెరువు నీటి రంగు - చేపల క్షేమము

చెరువులో చేపపిల్లలను వదలిపెట్టుటతో పని ముగిసినదని పలువురు తలచెదరు. పైరుకు నేల ఎట్టిదో చేపకు నీరు అట్టిది. విత్తుటకు ముందు నేలను చూచు రైతు, పిల్లలను వదలుటకు ముందు నీటిని కూడ చూడవలెను.

ఈ విషయమున మనకు సమీపముననే పరిశోధన జరిగినది. ఉస్మానియా విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు ఏ. ఆర్. జాఫర్ గారు హైదరాబాదులోని కొన్ని చేపల చెరువుల నీటి గుణములను, అందు పెరుగు నాచును పరిశీలించి, ఆ ఫలితములను 1964 నుండి 'హైడ్రోబయాలజియా' అను అంతర్జాతీయ పత్రికలో ప్రకటించిరి.

నీటిని పచ్చగా చేయు సన్నని నాచే చేపల మేతకు మూలము. దానిని తిని సూక్ష్మజీవులు, వాటిని తిని బొచ్చె పెరుగును. బొచ్చె పైనీటిలోను, రోహు నడుమను, మృగాల అడుగునను మేయును. కనుక మూడింటిని కలిపి పెంచినచో మేత వృథా కాదు.

అయితే నాచు మితిమీరినచో ముప్పు కలుగును. భువనగిరి, బీబీనగరు, పోచంపల్లి ప్రాంతములలో మూసీ కాలువల నీరు చేరు చెరువులకు ఈ భయము హెచ్చు. నగరపు మురుగుతో వచ్చు నత్రజని, భాస్వరములు వరికి వలెనే నాచుకును ఎరువగును. పగటి ఎండలో నాచు ప్రాణవాయువును విడుచును. రాత్రి అదియు చేపలతోపాటు దానిని పీల్చుకొనును. అందుచే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. మబ్బు పట్టి ఉక్కగా నున్న దినములలో ఇంకను తగ్గును. అప్పుడు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచును. కొర్రమీను పైగాలిని పీల్చి బ్రతుకగలదు. బొచ్చె, రోహు బ్రతుకజాలవు. ఒక్క రాత్రిలో మత్స్యకారుల ఏడాది కష్టము నీటిపాలు కావచ్చును.

పరీక్ష సులభము. బాగుగా ఎండ కాయు వేళ చేతిని నిలువుగా నీట ముంచి అరచేతిని చూడుడు. మోచేయి మునుగు వేళకు అరచేయి కనుమరుగైనచో మేత చాలినంత ఉన్నది. మణికట్టు మునిగిన వెంటనే కనుమరుగైనచో నాచు మితిమీరినది. మోచేయి మునిగిన పిమ్మటను స్పష్టముగా కనిపించినచో మేత కొరవడినది. ఎర్రమట్టి కలిసిన వరద నీటికి ఈ పరీక్ష పనికిరాదు.

నాచు మితిమీరినపుడు:

1. పేడ, ఎరువు, దాణా వేయుట ఆపవలెను.
2. వీలున్నచో మంచి నీటిని పెట్టవలెను.
3. చేపలు నోళ్లు తెరచునపుడు మోటారుతో చెరువు నీటినే ఎత్తి పైనుండి చిమ్మవలెను.
4. ఎదిగిన చేపలను ముందుగా పట్టి అమ్మవలెను.
5. నీరు తేరుకొను వరకు క్రొత్త పిల్లలను వదలరాదు.

మత్స్య సహకార సంఘములు వారమునకొకసారి ఈ పరీక్ష చేసి, తేదీతో పుస్తకమున వ్రాసియుంచవలెను. పంచాయతీ కార్యదర్శులు దానిని చూచుచుండినచో, చెరువులోనికి మురుగు ఎప్పుడు చేరినదియు ఊరివారికి తెలియును.