గజ్జి: ఒకరికి వస్తే ఇంటిల్లిపాదికీ చికిత్స

చర్మవ్యాధులలో ఇంటినంతటినీ చుట్టుకునేది గజ్జి. పిల్లవాడికి మందు రాస్తారు, తగ్గుతుంది. నెల తిరగకుండానే మళ్లీ దురద మొదలవుతుంది. చాలాసార్లు లోపం మందులో ఉండదు. ఇంట్లో మిగిలినవారు రాసుకోకపోవడమే కారణం.

గజ్జి ఎందుకు వస్తుంది?
రక్తం చెడిపోవడం వల్ల గాని, వేడి చేయడం వల్ల గాని గజ్జి రాదు. అర మిల్లీమీటరు కూడా లేని చిన్న పురుగు చర్మం పైపొరను తొలిచి గుడ్లు పెడుతుంది. ఒకే పక్కమీద పడుకోవడం వల్ల, ఒకరినొకరు ఎక్కువసేపు తాకి ఉండడం వల్ల ఇది సోకుతుంది. మొదటిసారి సోకినవారికి 4 నుండి 6 వారాల వరకు దురద తెలియకపోవచ్చు. అయినా వారినుండి ఇతరులకు అంటుకుంటుంది. అందుకే దురద లేనివారికి కూడా చికిత్స అవసరం.

లక్షణాలు
రాత్రిపూట ఎక్కువయ్యే దురద. వేళ్ల సందులలో, మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, మర్మావయవాల వద్ద చిన్న పొక్కులు. పసిపిల్లలకు అరచేతులలో, అరికాళ్లలో, తలమీద కూడా వస్తాయి.

చికిత్స ఎలా?
1. డాక్టరు రాసిన పెర్మెత్రిన్ 5 శాతం క్రీమును ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి.
2. దురద ఉన్నచోటే కాదు, మెడ నుండి అరికాళ్ల వరకు, గోళ్ల కింద కూడా రాయాలి. 8 నుండి 14 గంటలు ఉంచి స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడిగితే మళ్లీ రాయాలి.
3. వారం తర్వాత మరోసారి రాయాలి.
4. మర్నాడే బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండవేయాలి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో వారం రోజులు మూటకట్టి ఉంచాలి.

పసిపిల్లలకు, గర్భిణీలకు, బాలింతలకు డాక్టరును అడిగిన తర్వాతే మందు వాడాలి.

జాగ్రత్తలు
పురుగు చచ్చినా 2 నుండి 4 వారాలు దురద ఉండవచ్చు. భయపడి మందు పదేపదే రాయకండి. అంతకు మించి ఉన్నా, కొత్త పొక్కులు వస్తున్నా డాక్టరుకు చూపించండి. దుకాణంలో అడిగి స్టెరాయిడ్ క్రీములు కొనకండి. వాటితో దురద తగ్గినట్లనిపిస్తుంది గాని పురుగు చావదు.

గోకిన పుండ్లలో చీము పడితే వెంటనే చూపించండి. కొందరు పిల్లలలో దీనివల్ల మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా వచ్చినా ఆలస్యం చేయకండి.

గజ్జి సిగ్గుపడవలసిన జబ్బు కాదు. పిల్లవాడితో కలిసి పడుకునే బంధువులకు, ఇరుగుపొరుగు పిల్లలకు కూడా ఈ విషయం చెప్పండి.