గీటురాయికి దొరకని దొంగ రూపాయి

వెండి కొట్లోనో తాకట్టు దుకాణంలోనో పనిచేసేవాళ్లకు ఇది తెలిసిన వ్యవహారమే. ఎవరో ఒకరు పాత రూపాయి తెచ్చి బల్ల మీద పెట్టి, ‘లక్షలు పలుకుతుందట, అసలుదో కాదో చెప్పండి’ అంటారు. పక్కనే గీటురాయి, యాసిడ్ సీసా ఉంటాయి కాబట్టి చెయ్యి అటే పోతుంది. ముందు ఆ చేతిని ఆపుకోండి. నాణెం అసలుదే అయితే ఆ ఒక్క గీతతో దాని ధర సగానికి పడిపోవచ్చు. దొంగదైతే గీటురాయి మిమ్మల్ని మోసం చేయవచ్చు. ఎందుకంటే అరుదైన నాణేలకు దొంగ నకళ్లు తీసేవాళ్లు చాలాసార్లు మంచి వెండే వాడతారు. వెండికి పడే ఖర్చుకు ఎన్నో రెట్లు వస్తుంటే వాళ్లు లోహం దగ్గర కక్కుర్తి పడరు. కాబట్టి వెండి నిజమైనంత మాత్రాన నాణెం నిజమైనట్టు కాదు. ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం ఉన్నా ఇదే సంగతి. అది పైపొరలోని లోహాన్ని చెబుతుంది కానీ ఏ టంకశాలలో పుట్టిందో చెప్పదు.

పని తూకంతో మొదలుపెట్టండి. 1835 నుంచి బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పాత లెక్కలో సరిగ్గా తులం. 1939 వరకు అందులో వెండి 91.7 శాతం. చేతులు మారి అరిగిన నాణెం కొంత తగ్గుతుంది, అది సహజం. అక్షరాలు కనపడనంతగా అరిగిపోయి కూడా 11.66 చూపించే రూపాయినే అనుమానించాలి.

తర్వాత నీళ్ల పరీక్ష. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకు తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. నిండు తూకం ఉన్న మంచి రూపాయికి త్రాసు 1.13 గ్రాముల దగ్గర ఆగుతుంది. జర్మన్ సిల్వర్ అయితే 1.35కు అటూ ఇటూ పోతుంది. నాణేనికి చిన్న గీత కూడా పడదు. అయస్కాంతం సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, అంటుకుంటే దొంగది, అంటుకోకపోతే ఏమీ తేలనట్టే.

ఇంతవరకూ లోహం గురించే. అసలు పని భూతద్దంతో మొదలవుతుంది. పదిరెట్లు చూపించేది ఒకటి జేబులో ఉండాలి.

ఆరో జార్జి 1939 రూపాయి అరుదు. 1938 రూపాయి మాత్రం తేలిగ్గానే దొరుకుతుంది. రెండూ ఒకే లోహం, ఒకే బరువు. 8 అంకె కింది సున్నాకు ఎడమ పక్క గీకేస్తే 9 అయిపోతుంది. ఇలాంటిదాన్ని ఏ త్రాసూ పట్టలేదు, ఎందుకంటే మిగతా నాణెమంతా అసలుదే. దీపాన్ని పక్కవాటుగా పెట్టి ఆ 9 చుట్టూ చూడండి. గీకిన చోట నేల కొంచెం లోతుగా, చుట్టుపక్కల లేని మెరుపుతో ఉంటుంది. అంచు కూడా తిప్పి చూడండి. 1940 నుంచి వెండిని 50 శాతానికి తగ్గించారు, అంచు గాట్ల మధ్య గాడి లాంటి రక్షణ గుర్తు తెచ్చారు. 1939 అని చెప్పే రూపాయికి ఆ గాడి కనిపిస్తే ఇక మాట్లాడాల్సింది లేదు.

1911 రూపాయిది ఇంకో కథ. ఐదో జార్జి వస్త్రం మీది ఏనుగుకు తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా ఉందని గొడవైంది. 1912లో తొండం పొడుగు చేశారు. 1912 నాణెం మీద చివరి అంకెను 1గా మార్చేవాళ్లు ఏనుగు జోలికి పోలేరు. తేదీ 1911, తొండం పొడుగు అంటే దొంగ దొరికినట్టే. నాకైతే ఇన్ని పరీక్షల్లో ఇదే ముచ్చటైనది.

హైదరాబాద్ చార్మినార్ రూపాయి దగ్గర పొరపాటు ఎదురుదిశలో జరుగుతుంది. దాని బరువు 11.18 గ్రాములు, వెండి సుమారు 82 శాతం. బ్రిటిష్ లెక్కతో తూచి ‘కల్తీ’ అనేస్తే మంచి నాణేన్ని తిప్పి పంపినవాళ్లవుతారు. దాని మీది చార్మినార్ బొమ్మ ద్వారంలోకి చూడాలి. నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెంలో ‘మీమ్’ అక్షరం, తర్వాతి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాణెంలో ‘ఐన్’ ఉంటాయి. పాలన మారింది 1911లో, హిజ్రీ 1329లో. మీమ్ ఉండి ఆ తర్వాతి దశాబ్దాల సంవత్సరం ఉంటే అది టంకశాలలో పుట్టింది కాదు. సంవత్సరం చూపే ఆ అరబిక్ అంకెలు చదవడం ఒక పూటలో వచ్చేస్తుంది, నేర్చుకోండి.

పోత పోసిన నాణేనికి సూదితో గుచ్చినట్టు సన్న గుంటలు, మొద్దుబారిన అక్షరాలు, అంచు మీద అతుకు గీత, దాన్ని దాచడానికి ఆకురాయి పెట్టిన గుర్తులు ఉంటాయి. అచ్చు కొట్టిన దొంగ నాణేలు ఇంత సులువుగా దొరకవు. ఒకే మనిషి రెండు మూడు నాణేలు తెస్తే పక్కపక్కన పెట్టి చూడండి. రాజు చెంప మీద ఒకే చోట, ఒకే ఆకారంలో దెబ్బ ఉంటే అవి ఒకే నకలు అచ్చులోంచి వచ్చినవే. వాడకంలో పడిన దెబ్బ రెండు నాణేల మీద ఒకేలా పడదు.

సీతారాములో హనుమంతుడో ఉండి ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని రాసిన బిళ్లల మీద ఇంత శ్రమ అక్కర్లేదు. కంపెనీ అలాంటివి ఎన్నడూ వేయలేదు. బియ్యపు గింజల్ని లాగే మహిమ ఉందంటూ మోసం చేసే రైస్ పుల్లింగ్ ముఠాల చేతిలో తిరిగే సరుకు అది. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకునేవాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది కూడా.

కన్ను కుదరాలంటే మామూలు రూపాయిలు నాలుగు కొని, రోజూ తిప్పి చూడటమే దారి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సైఫాబాద్ టంకశాల మ్యూజియం చూసి రావచ్చు.

కొట్లో నోరు జారకండి. మీరు ‘అసలుదే’ అన్న మాట రేపు కొట్టు పేరు మీదికి వస్తుంది. చీటీలో బరువు, వ్యాసం, తేదీ, అంచు తీరు మాత్రమే రాయండి, రెండు వైపులా ఫొటో తీసుకోండి. తీర్పు నాణేల నిపుణులకు వదిలేయండి. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపిస్తామనే ఖాతాదారుకు, దాన్ని దేశం దాటించడం నేరమని మీరే ముందు చెప్పండి.