ఇంటి దగ్గర ఇంజిన్ భాగాల శుభ్రత: ద్రావణులతో ఉండవలసిన జాగ్రత్తలు

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి జగర్‌గుండకు వెళ్లే దారిలో ఉన్న ఊరు చింతలనార్. గోండీ, దోర్లీ మాటల మధ్య తెలుగు కూడా వినిపించే కోంటా ప్రాంతం అది. ఇలాంటి ఊళ్లలో మోటారు సైకిలు మొరాయించినా, డీజిల్ పంపుసెట్టు పొగ కక్కినా దాన్ని పట్టణంలోని మెకానిక్ దగ్గరకు చేర్చడమంటే ఒక రోజు పని పోయినట్టే. అందుకే కార్బురేటర్ విప్పడం, చైన్ కడగడం, బేరింగులకు పట్టిన జిడ్డు తీయడం ఇంటి వసారాలోనే జరిగిపోతుంటాయి. వాడేది చేతికి అందిన పెట్రోలో, కిరోసినో, డీజిలో అవుతుంది. పక్కనే పొయ్యి ఉంటుంది, పిల్లలు తిరుగుతుంటారు. అగ్నిమాపక వాహనం రావడానికి, కాలిన మనిషి ఆసుపత్రికి చేరడానికి చాలా సమయం పట్టే చోట ప్రమాదం జరగకుండా చూసుకోవడమే మొదటి వైద్యం. అందుకు ఈ ద్రవాల స్వభావం తెలియాలి.

జిడ్డు ఎలా వదులుతుంది?

ఇంజిన్ ఆయిల్, గ్రీజు ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్ పరమాణువులతో ఏర్పడిన పెద్ద అణువులు. పెట్రోల్, కిరోసిన్, డీజిల్ కూడా అదే జాతికి చెందిన చిన్న అణువులు. ఒకే స్వభావం గల పదార్థాలు ఒకదానిలో ఒకటి సులభంగా కరుగుతాయి. అందుకే నీటికి లొంగని గ్రీజు కిరోసిన్‌లో కరిగిపోతుంది. ఇలా ఇతర పదార్థాలను కరిగించుకునే ద్రవాన్ని ద్రావణి అంటారు.

సబ్బు నీరు పనిచేసే తీరు వేరు. సబ్బు అణువుకు ఒక కొన జిడ్డును పట్టుకుంటుంది, రెండో కొన నీటిని పట్టుకుంటుంది. దాంతో జిడ్డు చిన్న చిన్న బిందువులుగా విడిపోయి నీటితో కొట్టుకుపోతుంది. వేడి నీరైతే గ్రీజు మెత్తబడి పని ఇంకా సులువవుతుంది. పిస్టన్ తలపై పేరుకున్న నల్లటి మసి మాత్రం ఈ రెండింటిలోనూ పూర్తిగా కరగదు. నానబెట్టి, మెత్తబడిన తరువాత చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ ముక్కతోనో గీకవలసిందే. అంటే ఎంత ఘాటైన ద్రావణి వాడితే అంత శుభ్రం అనుకోవడం సరికాదు.

మండేది ఆవిరి

ద్రవ రూపంలో ఉన్న పెట్రోల్ నేరుగా మండదు. దాని పైనుంచి లేచే ఆవిరి గాలిలో తగినంత కలిసినప్పుడు మంట పుడుతుంది. ఒక ద్రవం ఏ ఉష్ణోగ్రత దగ్గర నిప్పు అంటుకునేంత ఆవిరిని ఇస్తుందో దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటారు.

పెట్రోల్ ఫ్లాష్ పాయింట్ సుమారు సున్నాకు దిగువన 40 డిగ్రీల సెల్సియస్. అంటే మన దేశంలో ఏ ఊళ్లోనైనా, ఏ కాలంలోనైనా మూత తీసిన పెట్రోల్ నిప్పు కోసం ఎదురుచూస్తూ ఉన్నట్టే. కిరోసిన్‌కు, డీజిల్‌కు ఇది 35 డిగ్రీల కంటే తక్కువ ఉండకూడదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అందుకే పెట్రోలియం చట్టం ప్రకారం పెట్రోల్ ‘ఎ’ తరగతిలో, కిరోసిన్, డీజిల్ ‘బి’ తరగతిలో ఉన్నాయి.

అయితే బస్తర్ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో పెట్టిన రేకు పళ్లెం అంతకన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. చలికాలం ఉదయం భద్రంగా కనిపించిన కిరోసిన్, వేసవి మధ్యాహ్నం ఆ పళ్లెంలో ఫ్లాష్ పాయింట్ దాటి, నిప్పురవ్వ తగిలితే అంటుకునే స్థితికి వస్తుంది. ‘కిరోసినే కదా, ఏం కాదు’ అన్న అనుభవం జనవరిలో నిజమైనా మే నెలలో నిజం కాకపోవచ్చు.

మరో సంగతి. నిప్పురవ్వ లేకున్నా తగినంత వేడి ఉపరితలం తాకితే ఇంధనం తనంతట తానే అంటుకోగలదు. దీనికి పెట్రోల్‌కు 250 డిగ్రీలకు పైగా వేడి కావాలి. కిరోసిన్‌కు సుమారు 210 డిగ్రీలు చాలు. అప్పుడే ఆపిన బండి సైలెన్సర్ గొట్టంపై కిరోసిన్ చల్లడం ఎందుకు ప్రమాదమో దీన్ని బట్టి అర్థమవుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి.

టీ గ్లాసుడు పెట్రోల్ లెక్క

కార్బురేటర్ కడగడానికి ఒక చిన్న గ్లాసుడు, అంటే 100 మిల్లీలీటర్ల పెట్రోల్ గిన్నెలో పోశారనుకుందాం. అది పూర్తిగా ఆవిరైతే దాదాపు 18 లీటర్ల ఆవిరి వస్తుంది. గాలిలో పెట్రోల్ ఆవిరి 1.4 శాతం ఉంటే చాలు, మంట పుడుతుంది. ఈ లెక్కన ఆ గ్లాసుడు పెట్రోల్ సుమారు 1,300 లీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు.

పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువైనది. కాబట్టి అది పైకి పోకుండా నేల వెంట పాకుతుంది. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల గదిలో ఆ మిశ్రమం నేల మీద 14 సెంటీమీటర్ల మందాన పరుచుకోగలదు. జానెడు కంటే తక్కువే. కానీ మట్టి పొయ్యిలో నిప్పు ఉండేది సరిగ్గా ఆ ఎత్తులోనే. గిన్నె ఒక మూల, పొయ్యి మరో మూల ఉన్నా మంట ఆవిరి వెంట వెనక్కి వచ్చి గిన్నెను అంటుకోవడానికి కారణం ఇదే. నిలబడిన మనిషి ముక్కుకు వాసన పెద్దగా తెలియకపోవచ్చు. అందువల్ల వాసన లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోకూడదు.

నిప్పు అంటే అగ్గిపుల్ల, బీడీ మాత్రమే కాదు. స్విచ్ వేసినప్పుడు లోపల పుట్టే మెరుపు, డ్రిల్లింగ్ మెషిన్ మోటారు, బ్యాటరీ తీగ తగిలినప్పుడు వచ్చే రవ్వ, చివరకు సింథటిక్ బట్టల రాపిడి వల్ల పుట్టే స్థిర విద్యుత్తు కూడా చాలు. చేతికి చురుక్కుమని తగిలే స్థిర విద్యుత్తు రవ్వలో ఉండే శక్తి పెట్రోల్ ఆవిరిని అంటించడానికి అవసరమైన దానికంటే ఎక్కువే. పొడి వాతావరణంలో ప్లాస్టిక్ డబ్బాలలోకి ఇంధనం ఒంపడం ఇందుకే మంచిది కాదు. లోహపు పాత్ర మేలు.

ఒంటిపై ప్రభావం

ద్రావణికి ఇంజిన్ జిడ్డుకూ చర్మంలోని సహజమైన నూనెకూ తేడా తెలియదు. తరచుగా కిరోసిన్‌లో చేతులు ముంచేవారికి చర్మం పొడిబారి, పగిలి, దురద పుడుతుంది. పగుళ్లలోంచి రసాయనాలు, సూక్ష్మజీవులు లోపలికి పోతాయి.

ఆవిరి పీల్చితే తలనొప్పి, తల తిరగడం, వికారం కలుగుతాయి. పెట్రోల్‌లో బెంజీన్ కూడా ఉంటుంది. దాన్ని ప్రస్తుత ప్రమాణాల్లో 1 శాతానికి పరిమితం చేశారు. బెంజీన్ మానవులలో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది.

డబ్బాలో దొరికే స్ప్రేలన్నీ భద్రమైనవని కూడా అనుకోకూడదు. 1999–2000 సంవత్సరాలలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు వాహన మెకానిక్‌లకు చేతులు, కాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. వారు రోజూ వాడిన బ్రేక్ క్లీనర్ స్ప్రేలలోని హెక్సేన్ అనే ద్రావణి వారి నరాలను దెబ్బతీసిందని వైద్యులు గుర్తించారు. హెక్సేన్ శరీరంలో మరో రసాయనంగా మారి నరాల చివరలను పాడుచేస్తుంది. కొన్ని క్లీనర్లలో క్లోరిన్ కలిసిన ద్రావణులు ఉంటాయి. అవి సులభంగా మండవు. కానీ వాటితో తడిసిన భాగాన్ని ఆరకముందే వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. ట్రైక్లోరోఇథిలీన్‌ను పూర్తిగా నిషేధిస్తూ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024 డిసెంబరులో నిబంధనలు వెలువరించింది. ఏ స్ప్రే వాడినా డబ్బాపై రాసిన హెచ్చరికలు చదవడం తప్పనిసరి.

ఏ భాగానికి ఏది?

బోల్టులు, గేర్లు, ఇంజిన్ పైభాగం: మొదట వేడి సబ్బు నీరు. మొండి జిడ్డు ఉంటేనే కొద్దిగా కిరోసిన్ లేదా డీజిల్. డీజిల్ నెమ్మదిగా ఆవిరవుతుంది కాబట్టి పెట్రోల్ కంటే ఎంతో నయం. అది మిగిల్చే జిడ్డు పొరను సబ్బు నీటితో తీసేయవచ్చు.

కార్బురేటర్: కార్బురేటర్ క్లీనర్ లేదా కిరోసిన్. రబ్బరు వాషర్లను ముందే తీసి పక్కన పెట్టాలి. ద్రావణిలో నానితే అవి ఉబ్బి మళ్లీ సరిగా కూర్చోవు. జెట్ రంధ్రాలలో ఇనుప తీగ గుచ్చకూడదు. రంధ్రం కొంచెం పెద్దదైనా ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది.

బ్రేక్ షూలు, లైనర్లు: కిరోసిన్, డీజిల్ తగలనే కూడదు. వాటి జిడ్డు పొర మిగిలితే బ్రేకు పట్టదు. వాటిపై దుమ్మును నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదకూడదు. కొన్ని లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడవాలి.

ఎయిర్ ఫిల్టర్: స్పాంజి రకమైతే సబ్బు నీటితో కడిగి, ఆరబెట్టి, కంపెనీ సూచించినట్టు నూనె పట్టించాలి. కాగితం రకాన్ని కడగకూడదు, మార్చాలి.

అల్యూమినియం భాగాలు: కాస్టిక్ సోడా వాడకూడదు. అది అల్యూమినియాన్ని తినేస్తూ, మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది.

పెట్రోల్‌తో కడగవలసిన భాగం ఇంట్లో ఏదీ లేదు. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల తరువాత చాలా బళ్లలో కార్బురేటర్ స్థానంలో ఇంధన ఇంజెక్టర్ వచ్చింది. దాన్ని ఇంట్లో విప్పకపోవడమే మంచిది.

పని చేసే పద్ధతి

1. ఆరుబయట, చెట్టు నీడలో, గాలి ఆడే చోట కూర్చోవాలి. పొయ్యి, బీడీ, ఇన్వర్టర్, నడుస్తున్న మోటార్లు దూరంగా ఉండాలి. గాలి మనిషి వైపు నుంచి పళ్లెం వైపు వీచేలా చూసుకోవాలి. వేసవిలో ఈ పని ఉదయమే ముగించాలి.

2. బ్యాటరీ తీగ విప్పాలి. ఇంజిన్ చల్లారాలి.

3. మందంగా పట్టిన జిడ్డును ముందుగా చెక్క పుల్లతో గీకి, పాత గుడ్డతో తుడవాలి. ఇలా చేస్తే ద్రావణి చాలా తక్కువ పడుతుంది.

4. సబ్బు నీటితో బ్రష్ చేయాలి. చాలా భాగాలకు ఇక్కడితో పని అయిపోతుంది.

5. అవసరమైతే లోహపు పళ్లెంలో భాగం తడిసేంత ద్రావణి మాత్రమే పోయాలి. డబ్బా మూత వెంటనే బిగించాలి. దగ్గరలో ఒక బకెట్ పొడి ఇసుక, పళ్లేన్ని కప్పేంత పెద్ద మూత ఉంచుకోవాలి.

6. నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించాలి. మామూలు రబ్బరు తొడుగులు ఇలాంటి ద్రావణులలో త్వరగా పాడవుతాయి. ముఖానికి కట్టుకున్న తువ్వాలు దుమ్మును ఆపుతుంది గానీ ఆవిరిని ఆపలేదు.

7. కడిగిన భాగాన్ని తుడిచి, పూర్తిగా ఆరాక, ఇనుప భాగాలకు పలచగా నూనె రాయాలి. లేకపోతే తుప్పు పడుతుంది. ఆవిరి వాసన పూర్తిగా పోయాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి.

మిగిలిన ద్రవం ఎక్కడికి?

మురికి కిరోసిన్‌ను పారబోయనవసరం లేదు. మూత ఉన్న లోహపు డబ్బాలో ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. పైన తేరిన ద్రవం మరోసారి మొదటి కడుగుకు పనికొస్తుంది. దాన్ని పొయ్యిలో పోయకూడదు, బావి దగ్గరా బోరింగు దగ్గరా ఒంపకూడదు. మన దేశంలో 2016 నాటి నియమాల ప్రకారం వాడిన ఇంజిన్ ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. చింతలనార్ చుట్టుపక్కల వాగుల నీరు చివరకు గోదావరిలోనే కలుస్తుంది. మిగిలిన మడ్డిని, ఆయిల్‌ను డబ్బాలో దాచి, పట్టణానికి వెళ్లినప్పుడు వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో ఇవ్వడం మేలు. తడిసిన గుడ్డలను కుప్పగా పడేయకుండా ఆరుబయట విడివిడిగా ఆరవేయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది నిల్వ. నీళ్ల సీసాలో, శీతల పానీయం సీసాలో కిరోసిన్ పోసి ఉంచడం వల్ల దాహంతో ఉన్న పిల్లలు మంచినీళ్లనుకుని తాగేస్తారు. మన దేశంలో పసిపిల్లలు పొరపాటున మింగే విషాలలో కిరోసిన్ ముఖ్యమైనది. సొంత డబ్బా, దానిపై గుర్తు, పిల్లలకు అందని ఎత్తు, ఈ మూడూ ఉండాలి.

ప్రమాదం జరిగితే

పళ్లెంలో మంట లేస్తే మూత కప్పాలి లేదా ఇసుక పోయాలి. నీళ్లు పోస్తే ఇంధనం నీటిపై తేలి మంట ఇంకా వ్యాపిస్తుంది. బట్టలు అంటుకుంటే పరుగెత్తకుండా నేలపై పడి దొర్లాలి.

కాలిన చోట 20 నిమిషాల పాటు చల్లని మంచినీటి ధార పట్టాలి. టూత్‌పేస్టు, నెయ్యి, సిరా పూయకూడదు. కంట్లో పడితే 15 నిమిషాలకు తగ్గకుండా నీటితో కడగాలి.

ఎవరైనా కిరోసిన్ మింగితే వాంతి చేయించకూడదు. కిరోసిన్ చాలా పలచని ద్రవం. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి జారి తీవ్రమైన వాపు కలిగిస్తుంది. అసలు ప్రాణాపాయం అక్కడే. పాలు, ఉప్పునీళ్లు పట్టవద్దు. తడిసిన బట్టలు మార్చి వెంటనే ఆసుపత్రికి తరలించాలి. అంబులెన్స్ కోసం 108కు ఫోన్ చేయాలి.

తెలుసుకున్నది సరిచూసుకుందాం

ప్రశ్న: గది కిటికీలు తెరిచి ఉంటే పెట్రోల్‌తో కడగవచ్చా?
జవాబు: కూడదు. దాని ఆవిరి బరువైనది. కిటికీ కంటే దిగువన, నేల మీదే నిలుస్తుంది.

ప్రశ్న: కిరోసిన్‌తో కడిగే పని వేసవిలో ఉదయమే ఎందుకు చేయాలి?
జవాబు: మధ్యాహ్నపు వేడిలో అది ఫ్లాష్ పాయింట్ దాటి, అంటుకునే ఆవిరిని ఇస్తుంది.

ప్రశ్న: ఇంట్లో మొదట ప్రయత్నించవలసినది ఏది?
జవాబు: చెక్క పుల్ల, పాత గుడ్డ, వేడి సబ్బు నీరు. వీటితో వదలని జిడ్డుకే ద్రావణి.