అవ్వ వంటలు అడిగిన అమ్మణ్ణికి

శాంతిపురం,
చిత్తూరు జిల్లా.



నువ్వు ఫోనులో పెట్టిన మెసేజి చూశాను. ‘మన పాతకాలం వంటలన్నీ కొలతలతో సహా రాసి పంపు పెద్దమ్మా’ అన్నావు. ఫోనులో తేలే సంగతి కాదని కాగితం తీసుకున్నా. కొలతలు కొన్ని రాస్తాను. అంతకంటే ముందు ఒకటి మనసులో పెట్టుకో. మన వైపు వంట చేలోనే మొదలయ్యేది. ఏ నెలలో ఏది పండితే, ఏది ఎండబెట్టి దాచుకుంటే అదే ఆ పూట కూర. నువ్వు నెలల్ని వదిలేసి వంటకాల పేర్లు మాత్రం పట్టుకుంటే పేరే మిగులుతుంది.

అనప గింజలతో చేసే పితికిపప్పు సంగతే తీసుకో. వానకు వేసే శెనక్కాయ చేలల్లో సాళ్ల నడుమ అనప వేసేవాళ్లు. శెనక్కాయ పీకేశాక కూడా అనప చేలో నిలబడి ఉండేది. నాటు అనపకు పగటిపొద్దు తగ్గితేగానీ పూత రాదు. అందుకే కాయ మార్గశిరంలో, పుష్యంలో, మంచు కురిసే రోజుల్లో చేతికొస్తుంది. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు పొద్దుతో పనిలేకుండా కాసే హెబ్బాళ అవరె అనే అనప రకాలు తెచ్చారు కాబట్టి నీకు అక్కడ బెంగుళూరులో ఎండాకాలంలోనూ కాయ దొరకొచ్చు. కొనొద్దనను. కానీ మంచుకు పండిన కాయను పట్టుకుంటే వేళ్లకు జిడ్డు అంటుకుంటుంది, వాసన వీధి చివరిదాకా వస్తుంది. కూరకు రుచి అక్కణ్ణించే వస్తుంది, మసాలా తరవాతి మాట.

గింజలు వొలిచి రాత్రంతా నీళ్లలో నానబెట్టు. పొద్దున ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు జారి గిన్నెలో పడుతుంది, తోలు చేతిలో మిగులుతుంది. ఒక్కదానివే కూర్చుంటే విసుగొస్తుంది. నీ స్నేహితురాళ్లను పిలిచి కూర్చోబెట్టుకో, మాటల్లో అయిపోతుంది. బెంగుళూరు అంగళ్లలో ‘హితికిద బేళె’ అని పితికేసిన పప్పే అమ్ముతారు. ఆఫీసు ఉన్న రోజు అదే తెచ్చుకో, తప్పేం లేదు.

మసాలాకు ధనియాలు, ఎండుమిరపకాయలు, పచ్చికొబ్బరి, కాసిని గసగసాలు, చిన్న చెక్క, రెండు లవంగాలు, అల్లం, తెల్లగడ్డ కలిపి మెత్తగా నూరు. ఎర్రగడ్డ నూనెలో మగ్గాక నూరింది వేసి, పచ్చివాసన పోయి నూనె తేలేదాకా వేయించు. నీళ్లు పోసి, అవి తెర్లుతున్నప్పుడు పప్పు వెయ్యి. పప్పు మెత్తబడాలి, కరగకూడదు. కాబట్టి గరిటెతో కెలక్కు. కుక్కరు జోలికి అసలే పోకు. ఇది దోసెలోకీ బాగుంటుంది, సంగట్లోకి మరీ బాగుంటుంది.

సంగటికి గ్లాసు బియ్యానికి ఐదు గ్లాసుల నీళ్లు, గ్లాసున్నర రాగిపిండి. బియ్యం మెత్తగా ఉడికి, ఇంకా నీళ్లు ఉండగానే పిండిని పైన కుప్పగా పొయ్యి. కలపొద్దు. కుప్ప మధ్యలో తెడ్డుకాడతో బెజ్జం చేసి, మూతపెట్టి, సన్నని మంట మీద పది నిమిషాలు వదిలెయ్. పిండి ఆవిరికి ఉడుకుతుంది. అప్పుడు దించి, కాళ్లతో గిన్నెను పట్టుకుని తెడ్డుతో ఎనపాలి. తడిచేత్తో తాకినప్పుడు అంటుకోకపోతే అయినట్టు. కుప్పం దాటి కోలారు వైపు పోతే బియ్యం లేకుండా వట్టి పిండితోనే ముద్ద చేస్తారు. మాది అసలా, వాళ్లది అసలా అని తగవు పెట్టుకోవద్దు. మూడు రాష్ట్రాలు కలిసే చోట పుట్టినవాళ్లం, మన పొయ్యిలో మూడు భాషలున్నాయి.

ఉలవకట్టు గురించి కూడా అడిగావు. పావుకిలో ఉలవలు రాత్రి నానబెట్టి, లీటరున్నర నీళ్లతో ఉడికించు. ఇక్కడ కుక్కరు వాడుకో, ఉలవ మొండిది. ఉడికాక వంచిన నీళ్లే కట్టు. అందులో చింతపండు పులుసు, గుప్పెడు ఉడికిన ఉలవల్ని జీలకర్ర, మిరియాలు, తెల్లగడ్డలతో కలిపి నూరిన ముద్ద వేసి మరిగించి తిరగవాత పెట్టు. మిగిలిన గుగ్గిళ్లకు ఎండుమిరపకాయ, కొబ్బరి తురుముతో ఇంకో తిరగవాత. ఒక్క కుండలో రెండు వంటలు. కట్టెలూ నీళ్లూ కొరతగా ఉన్న ఇళ్లలో పుట్టిన తెలివి అది.

ఇక ‘పాతకాలం’ అనే మాట. నీ స్నేహితులకు వడ్డిస్తూ వెయ్యేళ్ల నాటి వంట అని చెప్పేముందు కాస్త ఆలోచించు. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు. ఆయన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు వానాకాలం ఒకటి, చలికాలం ఒకటి, ఎండాకాలం ఇంకొకటి వండి పెడతాడు. కాలాన్ని బట్టి వండటం మన అవ్వలు కనిపెట్టింది కాదని అది చదివితే తెలుస్తుంది. ఆ చలికాలపు భోజనంలో కారం మిరియాలది. మిరపకాయ అమెరికా ఖండాల సరుకు, పోర్చుగీసువాళ్ల ఓడల్లో మనకు చేరింది. శెనక్కాయా టమోటా ఉర్లగడ్డా అటువైపువే. అంటే మనం ప్రాణం పెట్టే శెనక్కాయల ఊరిబిండి అంత పాతదేం కాదు. శెనక్కాయ ఈ మెట్ట చేలను ఆక్రమించింది బ్రిటిషువాళ్ల రోజుల్లో. రాగి కూడా తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిందే, కాకపోతే వేల ఏళ్ల కిందట. ఉలవ మాత్రం మన నేలదే. దక్కనులో నాలుగు వేల ఏళ్ల కిందటి పశువుల కాపరుల ఊళ్లు తవ్వినప్పుడు మాడిన ఉలవలు, అండుకొర్రలు దొరికాయి. నిజంగా పాత వంట వడ్డించాలనుంటే ఉలవ గుగ్గిళ్లు పెట్టు.

ఇదంతా చెప్పి ఊరిబిండిని తక్కువ చేస్తున్నానని అనుకోకు. నూరేళ్లు తిన్నాక అది మనదే. మిక్సీలో చేస్తే ఒక్కో తిప్పు తిప్పి ఆపు, పలుకులు తగలాలి. నాకు పడనిది ఒక్కటే, మదనపల్లె టమోటా మార్కెట్టు మన వైపే ఉంది కదా అని ప్రతిదాంట్లో టమోటా వెయ్యడం. పితికిపప్పులో వెయ్యకు, ఉలవకట్టులో వెయ్యకు.

సంగటి మన ఇళ్లలోంచి ఎందుకు పోయిందో కూడా తెలుసుకో. 1983లో ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాడు. పండగనాడే అన్నం చూసిన ఇళ్లలో రోజూ అన్నం ఉడికింది. దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. కానీ రాగి తినేవాళ్లకు చిన్నతనం పట్టుకుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నాక అదే ముద్దను ఏసీ హోటల్లో రేటు కట్టి అమ్ముతున్నారు. నవ్వాలో ఏడవాలో నాకైతే తెలియలేదు.

కొలతల మాటకొస్తే, మీ అవ్వను ‘ఎంత వెయ్యాలి’ అని అడగొద్దు. ‘తగినంత’ అంటుంది. ఆమె వండేముందు ఉప్పు డబ్బా, కారం డబ్బా, పిండి డబ్బా తూకం వేసి రాసుకో. వండాక మళ్లీ తూయి. తేడా ఎంతో అదే ఆమె కొలత. ఈ కూర ఏ నెలలో చేసేవాళ్లు, అది లేనప్పుడు బదులు ఏం వేసేవాళ్లు అని అడుగు. అప్పుడు ఆమె ఆపకుండా చెబుతుంది, ఫోనులో రికార్డు చేసుకో. చేలో తమంతట మొలిచే చెంచలాకు, దొగ్గలాకు, గురుగాకు ఏవో నీకై నువ్వు పోల్చుకోలేవు, ఆమెతో చేలోకి నడువు. కలుపుమందు కొట్టిన చేలో ఆకు మాత్రం కోయకండి.

ఆమెకు మోకాళ్లు ముందులా లేవు, ఇంకో ఏడాది ఆగుదామనుకోకు. సంక్రాంతికి నాలుగు రోజులు ముందే సెలవు పెట్టి రా. అనపకాయలు నేను తెప్పిస్తాను, వొలిచేది పితికేది నువ్వే.

ఇట్లు,
మీ పెద్దమ్మ