క్రియ వెనకాల నడిచే చిన్నమాటలు

మెదక్‌లో ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ని. ఇప్పటికీ సాయంత్రమైతే డిగ్రీ పిల్లలు, డీఎస్సీకి చదివేవాళ్లు ఇంటికొస్తారు. 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైనప్పటి నుంచి చిన్నపిల్లల తల్లులూ వస్తున్నారు. అందరికీ టెన్సులంటేనే భయం. నా లెక్కలో టెన్సులు సాధనతో దారికొస్తాయి. దొరికిపోయేది 'టు'తో వచ్చే క్రియ దాటాకే. దాని వెనక అప్, ఆన్, ఎట్, విత్ లాంటి బుల్లి మాట ఉండాలా వద్దా, ఉంటే ఏది, ఎక్కడ? వాళ్లకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

1. 'టు' అంటే 'కు' అని చెప్పి ఊరుకోకండి

'టు గో టు ద మార్కెట్'లో 'టు'లు రెండు. మొదటిది క్రియది, తెలుగులో తుమున్నర్థకం అంటామే, 'పోవడానికి'లోని ఆ 'డానికి'. రెండోది నామానిది, 'బజారుకు'లోని 'కు'. ఈ తేడా చెప్పకపోతే పిల్లలు 'టు గో టు హోమ్', 'టు కమ్ టు హియర్' అంటారు. ఇంటికి, ఇక్కడికి అని మనకు 'కి' ఉంది కాబట్టి వాళ్ల తప్పేం లేదు. కానీ అక్కడ హోమ్, హియర్ క్రియావిశేషణాలు, వాటికి 'టు' అక్కర్లేదు. 'మెదక్‌కి చేరుకోవడానికి' కూడా 'టు రీచ్ మెదక్' అంతే.

2. కుర్చీకి 'ఆన్' కావాలి

'కూర్చోడానికి కుర్చీ లేదు' అనే వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే పదిమందిలో తొమ్మండుగురు 'నో చైర్ టు సిట్' దగ్గర ఆగిపోతారు. 'నో చైర్ టు సిట్ ఆన్' అనాలి. కుర్చీ 'మీద' కూర్చుంటాం గదా. వాక్యాన్ని తిప్పి కుర్చీ చోటు మార్చినప్పుడు తెలుగు ఆ 'మీద'ను మింగేస్తుంది, ఇంగ్లీషు మింగదు, క్రియ వెనకే అట్టిపెట్టుకుంటుంది.

దీన్ని నేను 'రాయడం'తో చెబుతాను. 'రాయడానికేం లేదు' అని ఒకడన్నాడనుకోండి. పెన్ను లేదా? కాగితం లేదా? విషయం లేదా? ఉత్తరం అందుకునే మనిషే లేడా? తెలుగులో అది సందర్భాన్నిబట్టి తెలియాల్సిందే. ఇంగ్లీషులో పెన్నయితే 'టు రైట్ విత్', కాగితమైతే 'టు రైట్ ఆన్', విషయమైతే 'టు రైట్ అబౌట్', మనిషయితే 'టు రైట్ టు'. చివరి మాటే సంగతి చెప్పేస్తుంది. ఏది పెట్టాలో తెలియనప్పుడు వాక్యాన్ని మళ్లీ తెలుగులో విప్పి చూసుకోండి: పెన్నుతో, కాగితం మీద, విషయం గురించి, మనిషికి. మన విభక్తే దారి చూపిస్తుంది.

క్రిస్మస్‌కు మన మెదక్ చర్చి చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. వాళ్లకు చర్చి కథ ఇంగ్లీషులో చెప్పమని పిల్లలను కూర్చోబెడతాను. కరువు రోజుల్లో పాస్నెట్ అనే మిషనరీ దొర ఊరివాళ్లకు పని కల్పించి పదేళ్లపాటు కట్టించాడు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. అందులో 'జనానికి బతకడానికి ఏమీ లేదు' అనే వాక్యం తప్పకుండా వస్తుంది. 'నథింగ్ టు లివ్' అంటే అర్థం కుదరదు. 'నథింగ్ టు లివ్ ఆన్' అనాలి. ఆ ఒక్క 'ఆన్'తో తిండి, కూలి, ఆధారం అన్నీ వచ్చేస్తాయి.

ఒక మినహాయింపు. ప్లేస్, టైమ్, వే అనే మాటల తర్వాత ఈ తోక లేకపోయినా నడుస్తుంది. 'ఎ ప్లేస్ టు లివ్' తప్పు కాదు. 'హౌస్' అన్నారో, 'టు లివ్ ఇన్' రావాల్సిందే.

3. వాక్యం చివర ప్రిపొజిషన్ రావద్దని ఎవరన్నా అంటే

'మా సారు తప్పన్నడు' అని వస్తారు పిల్లలు. ఆ సారును తిట్టను, ఆ మాట చాలా పాతది. 1672లో డ్రైడెన్ కవి, తనకు ముందుతరం వాడైన బెన్ జాన్సన్ రాతల్లో ఈ తప్పు పట్టాడు. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో, గంభీరమైన రచనకు ప్రిపొజిషన్ ముందుంటేనే అందమన్నాడు, అంతే తప్ప నిషేధించలేదు. 1926లో ఇంగ్లీషు వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ ఇదంతా మూఢనమ్మకమని కొట్టిపారేశాడు. ఇంకా ఎందుకు మోస్తున్నామో నాకు అర్థం కాదు.

4. చర్చి కింద ఒకసారి, ఖిల్లా మీద ఒకసారి నిలబడండి

క్రియ వెనక ఒకటి కాదు, రెండు వచ్చే చోట్లున్నాయి. ముందు క్రియావిశేషణం, ఆ తర్వాత ప్రిపొజిషన్. చర్చి గంటల గోపురం 175 అడుగులు. కింద నిలబడి మెడ వెనక్కి వంచి చూస్తే అది 'టు లుక్ అప్ ఎట్ ద టవర్'. 'అప్' చూపు ఎటు పోతుందో చెబుతుంది, 'ఎట్' దేని మీద ఆగుతుందో చెబుతుంది. ఇప్పుడు 'ఎట్' తీసి 'టు' పెట్టండి. 'టు లుక్ అప్ టు' అంటే ఇక మెడ ఎత్తక్కర్లేదు, ఒక మనిషిని పెద్దగా, ఆదర్శంగా తలచడం అది. తర్వాత మెదక్ ఖిల్లా ఎక్కండి. ఊరంతా కింద కనిపిస్తుంది: 'టు లుక్ డౌన్ ఎట్ ద టౌన్'. అక్కడ మనుషుల గురించి 'లుక్ డౌన్ ఆన్' అన్నారంటే ఊరివాళ్లను చిన్నచూపు చూసినట్టే. ఇంటర్వ్యూలో ఒక అమ్మాయి 'ఐ లుక్ అప్ ఎట్ మై మదర్' అన్నదట. తల్లి మిద్దె మీదుందా అమ్మా అన్నాను, నవ్వింది. మళ్లీ మర్చిపోలేదు.

5. 'తాగేయ్'లో ఉన్నది చూడండి

ఫ్రేజల్ వెర్బులని పేజీలకు పేజీలు లిస్టులిచ్చి పిల్లలను బెదరగొడుతున్నారు. ఆ పని మన భాషలో లేనిదేం కాదు. 'పాలు తాగు' వేరు, 'పాలు తాగేయ్' వేరు. రెండోదానిలో గ్లాసు ఖాళీ కావాలి. అదే 'డ్రింక్', 'డ్రింక్ అప్'. తినేయ్ అంటే 'ఈట్ అప్', పారేయ్ 'త్రో అవే', రాసుకో 'రైట్ డౌన్', పడిపో 'ఫాల్ డౌన్', వెళ్లిపో 'గో అవే'. క్రియకు ఒక ముక్క తగిలిస్తే పని పూర్తయిందో, ఎటుపోయిందో తెలుస్తుందని మన పిల్లలకు మాటలొచ్చిన నాటినుంచీ తెలుసు. చెప్పేవాళ్లే అది గుర్తుచేయరు. అయితే ముక్కకు ముక్క సరిపోతుందనుకోవద్దు. 'గివ్ అప్' అంటే ఇచ్చేయడం కాదు, మానేయడం.

6. 'దెమ్' నడుమే ఉండాలి

ఏడుపాయల గుడి ముందు చెప్పులు విప్పమనాలి. 'టేక్ ఆఫ్ యువర్ షూస్' అనొచ్చు, 'టేక్ యువర్ షూస్ ఆఫ్' అనొచ్చు. 'వాటిని' అన్నప్పుడు మాత్రం 'టేక్ దెమ్ ఆఫ్' ఒక్కటే. అదే 'లుక్ ఆఫ్టర్' అయితే 'లుక్ ఆఫ్టర్ దెమ్', నడుమ చోటు లేదు. 'ఆఫ్' అక్కడ క్రియావిశేషణం, 'ఆఫ్టర్' ప్రిపొజిషన్. రెండూ ఒక్కలాగే కనబడతాయి గానీ ఈ పరీక్షతో విడిపోతాయి.

7. వరస తిరగబడుతుంది

'రేపు పొద్దున బస్టాండుకు తొందరగా పోవాలి.' కాలం, చోటు, తీరు, చివర క్రియ. ఇంగ్లీషులో వెనకనుంచి ముందుకు: 'టు గో క్విక్లీ టు ద బస్ స్టాండ్ టుమారో మార్నింగ్'. ఇంకొకటి: క్రియకూ కర్మకూ మధ్య క్రియావిశేషణాన్ని దూర్చకండి. 'టు స్పీక్ వెల్ ఇంగ్లీష్' కాదు, 'టు స్పీక్ ఇంగ్లీష్ వెల్'.

8. ఎక్కువైనవి, తక్కువైనవి

'టు డిస్కస్ అబౌట్'లో 'అబౌట్' దండగ, 'టు రిటర్న్ బ్యాక్'లో 'బ్యాక్' దండగ. 'టు లిజన్ సాంగ్స్'లో 'టు' తక్కువ, 'టు లిజన్ టు సాంగ్స్' అనాలి.

9. 'టు కైండ్లీ' గురించి

సెలవు చీటీ అయినా, దరఖాస్తు అయినా 'ఐ రిక్వెస్ట్ యు టు కైండ్లీ లుక్ ఇన్‌టు ద మ్యాటర్' అని ఉంటుంది. 'లుక్ ఇన్‌టు' భేషుగ్గా ఉంది. 'టు'కూ క్రియకూ నడుమ 'కైండ్లీ' లాంటి క్రియావిశేషణం దూరడాన్ని 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ అనే క్రైస్తవ పండితుడు ఆక్షేపించాడు. ఇప్పటి వ్యాకరణాలు పట్టించుకోవడం లేదు. నేనూ మార్కులు కోయను.

10. ఏ డిక్షనరీ కొనాలి

హార్న్‌బీ పేరుతో వచ్చే ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ కొనండి. మన చర్చి ప్రతిష్ఠ జరిగిన 1924లోనే ఆయన ఇంగ్లీషు చెప్పడానికి జపాన్ వెళ్లాడు. జపనీస్ కూడా మనలాగే క్రియను చివరన పెట్టి, విభక్తిని నామం వెనక తగిలించే భాష. అలాంటి పిల్లలకు పాఠం చెప్పిన అనుభవంతో తయారైన ఆ నిఘంటువు 1942లో మొదట టోక్యోలోనే అచ్చయింది. ఏ క్రియ వెనక ఏ మాట వస్తుందో చూపించడమే దాని ప్రత్యేకత. మన కష్టం దానికి తెలుసు.

11. ఉత్తరం చివరి పంక్తి

'ఐ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు' అని నాకొచ్చే దరఖాస్తు నకళ్లలో సగానికి సగం ముగుస్తాయి. ఇక్కడి 'టు' క్రియది కాదు, ప్రిపొజిషన్. దాని తర్వాత 'ఐఎన్‌జీ' రావాలి. ఈసారి పంపే ముందు ఆ ఒక్కచోట 'హియర్' కొట్టేసి 'హియరింగ్' అని రాయండి.