నేలలో దాగిన తిండి – ఆపద రోజులకు దుంప పంటలు

వాన ముఖం చాటేస్తే పైరు ఎండుతుంది. తుపాను వస్తే కోతకొచ్చిన చేను పడిపోతుంది. కళ్లంలో ఉన్న గింజ తడిస్తే మొలకెత్తుతుంది. ఈ మూడింట్లో ఏది జరిగినా ఎకరం, రెండెకరాలున్న రైతు ఇంట్లో ముందు తగ్గేది తిండే. రేషను బియ్యం అందినా పక్కన కూర ఉండదు, కొనడానికి చేతిలో పైసా ఉండదు. ఉన్న రెండెకరాలూ పత్తికో మిరపకో ఇచ్చేసిన ఇంట్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

మన పెద్దలు దీనికో ఉపాయం చేసేవారు. పెరట్లో, కంచె వెంట, బావి గట్టున నాలుగు దుంప మొక్కలు వేసి ఉంచేవారు. పైన తీగ ఎండినా లోపల తిండి ఉంటుంది. గాదె అక్కర్లేదు, నేలే గాదె. ‘బతికుంటే బలుసాకు తినొచ్చు’ అనే సామెత ఊరికే పుట్టలేదు. 1876-78 నాటి ధాత కరువు లాంటివి చూసిన నేల మనది.

తిరువాన్కూరు అనుభవం

కర్రపెండలం మన దేశపు పంట కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. తిరువాన్కూరును 1880 నుంచి 1885 వరకు పాలించిన విశాఖం తిరునాళ్ మహారాజు పేదల తిండి కోసం దీని సాగును ప్రోత్సహించారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో బర్మా బియ్యం రాక ఆగిపోయినప్పుడు అక్కడి జనాన్ని చాలావరకు ఆదుకున్నది ఈ దుంపే. మన సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల్లో సగ్గుబియ్యం మిల్లులకు పోయేదీ ఇదే దుంప.

ఏ దుంప ఎక్కడ వేసుకోవాలి?

కర్రపెండలం: నీరు నిలవని మెట్ట, ఎర్ర నేలలు అనుకూలం. తెగులు లేని ముదురు కర్రను జానెడు ముక్కలుగా కోసి, కన్నులు పైకి ఉండేలా, రెండంగుళాలు నేలలో దిగేలా నిలువుగా నాటాలి. మొక్కకూ మొక్కకూ మూడడుగులు వదలాలి. ఆకులు పసుపు మచ్చలతో ముడుచుకుపోయిన మొక్క నుంచి కర్ర తీసుకోవద్దు, అది మొజాయిక్ తెగులు. 8-10 నెలల్లో దుంప తయారవుతుంది. అన్నీ ఒకేసారి పీకే పని లేదు. మరికొన్ని నెలలు నేలలో ఉంచినా దుంప కాస్త పీచు కడుతుందే తప్ప పాడవదు. పీకిన తర్వాత మాత్రం రెండు మూడు రోజులకే లోపల నల్లచారలు వస్తాయి. అందుకే ఏ పూటకు కావలసింది ఆ పూటే తవ్వుకోవాలి.

పెండలం: కంచెకూ, చెట్టు మొదటికీ ఇదే సరైన తీగ. పావుకిలో దుంప ముక్కను తొలకరికి నాటి, తీగను కంచె మీదకు పాకించాలి. 8-9 నెలలకు ఆకు పండి ఎండుతుంది. అప్పటి నుంచి మళ్లీ వానలు పడి మొలకెత్తే దాకా దుంప నేలలోనే నిద్రపోతుంది. తవ్వినా గాలి తగిలే నీడలో రెండు మూడు నెలలు నిలుస్తుంది.

కంద: తెలంగాణలో కందగడ్డ అంటే చిలగడదుంప. ఇక్కడ చెప్పేది కందాబచ్చలి కూరలో వేసే కంద. అరకిలో ముక్కలుగా, ప్రతి ముక్కకూ నడి మొగ్గలో కొంత భాగం వచ్చేలా కోసి, పేడ నీళ్లలో ముంచి నీడన ఆరబెట్టి, గుంటకు ఒకటి చొప్పున నాటాలి. కొబ్బరి, అరటి చెట్ల నీడలోనూ వస్తుంది. కొవ్వూరు పరిశోధనా స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం దురద పెట్టదు.

చేమ: స్నానాల దొడ్డి నీళ్లు పారేచోట, కాలువ ఒడ్డున వేసుకోవాలి. 5-6 నెలల పంట.

చిలగడదుంప (గెనుసుగడ్డ): అన్నిటికన్నా తొందరగా, మూడున్నర నాలుగు నెలల్లో చేతికొస్తుంది. లేత ఆకు కూరకు పనికొస్తుంది. అయితే దీన్ని నేలలో ఎక్కువ రోజులు ఉంచకూడదు. నేల నెర్రెలిస్తే ముక్కుపురుగు దిగి దుంప చేదెక్కుతుంది. పగుళ్లు కనబడకుండా మట్టి ఎగదోస్తుండాలి, తయారవగానే తవ్వాలి.

సెంటు నేల లెక్క

మూడడుగుల దూరంలో నాటితే సెంటుకు సుమారు 48 కర్రపెండలం మొక్కలు పడతాయి. సగం పోయి 24 మిగిలినా, మొక్కకు రెండు కిలోలు వేసుకున్నా, 48 కిలోలు. కిలో బియ్యమిచ్చే శక్తికి ఈ దుంప రెండు మూడు కిలోలు కావాలి. అంటే 16 నుంచి 24 కిలోల బియ్యం పెట్టు. అయిదుగురున్న ఇంటికి ఇంచుమించు పది రోజుల తిండి. ఇది ఏడాది గడిపే పంట కాదు, గండం దాటించే పంట. రెండు మూడు సెంట్లుంటే అప్పుకు పరుగెత్తే అవసరం నెల రోజులు వెనక్కి పోతుంది.

దుంపల్లో మాంసకృత్తులు బాగా తక్కువ. ఒక్క దుంపనే తింటూ పోతే పిల్లలు నీరసిస్తారు. అందుకే అదే కంచెకు చిక్కుడు, గట్టున కంది, అలసంద వేయాలి. వాకిట్లో మునగ, అవిశ చెట్లు చెరొకటి ఉంటే ఆకుకు లోటుండదు. పొనగంటి, గలిజేరు లాంటివి విత్తకుండానే మొలుస్తాయి. వాటిని కలుపని పీకి పారేయొద్దు. కానీ మందు కొట్టిన చేలో, దాని గట్టున ఆకు మాత్రం కోయవద్దు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* కర్రపెండలంలో విషగుణం ఉంటుంది. పచ్చిది తినకూడదు. పై పొట్టు, లోపలి తెల్ల తోలు రెండూ తీసి, ముక్కలు చేసి, ఎక్కువ నీళ్లలో మూత పెట్టకుండా బాగా ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. ఉడికాక కూడా చేదుగా ఉంటే తినొద్దు. పచ్చి ఆకు మేస్తే మేకలు, పశువులు చనిపోవచ్చు. అందుకని వాటికి అందకుండా వేసుకోవాలి.
* కంద, చేమ తరిగేముందు చేతులకు నూనె రాసుకోవాలి. చింతపండు పులుసులోనో, పుల్ల మజ్జిగలోనో బాగా ఉడికిస్తే గొంతు దురద ఉండదు.
* అడవి దుంపలన్నీ పెండలాలు కావు. కొన్ని ప్రాణం తీస్తాయి. తరతరాలుగా తింటున్నవారు చూపించనిదే తవ్వి తినొద్దు.
* అడవిపందులు తిరిగే ఊళ్లలో చేలో వేస్తే ఒక్క రాత్రిలో తవ్విపోస్తాయి. అక్కడ ఇంటి పెరట్లోనే వేసుకోవాలి.
* నీరు నిలిస్తే దుంప కుళ్లుతుంది. తుపాను ప్రాంతాల వారు ఎత్తు బోదెల మీద నాటి, నీరు పోవడానికి కాలువ తీయాలి. ముంపు వచ్చాక ఆగకుండా దుంపలు తవ్వి తినేయడమే మేలు.

విత్తనం పోగొట్టుకోవద్దు

ఆకలి రోజుల్లో విత్తనం దుంప కూడా కుండలోకి పోతుంది. మరుసటి ఏడు నాటడానికి ఏమీ ఉండదు. కర్రపెండలంతో ఆ భయం లేదు. దుంప మనకు, కర్ర నేలకు. పీకిన చోటే కాస్త మట్టి తిరగేసి, పదును ఉంటే ఆ రోజే ఒక ముక్క నాటేయొచ్చు. పదును లేకపోతే కర్రలను చెట్టు నీడన నిలువుగా ఉంచితే రెండు నెలల దాకా పనికొస్తాయి. పెండలం, కంద విషయంలో మాత్రం పదింట్లో రెండు మొక్కలు తవ్వకుండా వదలాలని ముందే అనుకోవాలి. ఆ మొక్కల దగ్గర ఒక పుల్ల గుచ్చి, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి.

విత్తనానికి డబ్బు పెట్టనక్కర్లేదు. ఊళ్లో ఎవరి పెరట్లోనైనా ఈ దుంపలుంటే ముక్క అడిగి తెచ్చుకోవచ్చు, వచ్చే ఏడు మీరు మరొకరికి ఇవ్వొచ్చు. ఈ తొలకరికి కంచె వెంట పది గుంటలు తీసి, గుంటకు గంపెడు పెంటపోగు ఎరువు వేసి మొదలుపెట్టండి. కాలం బాగుంటే కూరకు వస్తాయి, బాగులేకపోతే కడుపుకు వస్తాయి.